కలుజు ఏ పేజీలో ఉంది? పుస్తక సూచికను తోటివారితో దిద్దించుకోవడం గురించి

తిరుపతిలో విశ్వవిద్యాలయాలు ఎక్కువ కాబట్టి సిద్ధాంత గ్రంథాలూ ఎక్కువే. 1954లో మొదలైన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో, మహిళా విశ్వవిద్యాలయంలోనో, సంస్కృత విశ్వవిద్యాలయంలోనో పట్టా పుచ్చుకున్నవాళ్లలో కొందరు తమ పరిశోధనను పుస్తకంగా వేసుకుంటారు. ప్రూఫులు దిద్దడం నా పని కాబట్టి వాటిలో కొన్ని నా బల్ల మీదికి వస్తాయి. ఈమధ్య వాటితోపాటు ఒక ప్రశ్న కూడా వస్తోంది: "చివర్లో ఇండెక్స్ ఉండాలన్నారు. కంప్యూటర్‌లో తీయించాం. బాగుందో లేదో ఎవరికి చూపించాలి?"

అడగవలసిన ప్రశ్నే. పుస్తకంలో మిగతా భాగానికంతా ఎవరో ఒకరు కాపలా ఉంటారు. విషయాన్ని గైడ్ చూస్తారు, భాషను సంపాదకులు చూస్తారు, అచ్చుతప్పులు మాలాంటివాళ్లం చూస్తాం. చివరి ఆరేడు పేజీల సూచికను మాత్రం అచ్చుకు ముందు ఎవరూ పట్టి చదవరు. దాన్ని ఎలా చదవాలో, ఏది తప్పో ఏది ఒప్పో తేల్చే పద్ధతి ఏమిటో మనకు ఎవరూ నేర్పలేదు. ఇలాంటి పని చేసే ఇద్దరు ముగ్గురు ఒకరి సూచికను ఒకరు పరీక్షించుకుంటూ నేర్చుకునే దారి ఒకటుంది. దాన్నే తోటి సమీక్ష అంటున్నాను. అది ఎలా నడుస్తుందో, ఎక్కడ చిక్కుపడుతుందో చూద్దాం.

విషయసూచిక ముందు, పదసూచిక వెనుక

మొదటి గందరగోళం పేర్లతోనే. తెలుగులో 'విషయసూచిక' అంటే చాలామందికి పుస్తకం మొదట్లో ఉండే అధ్యాయాల పట్టిక. చివర్లో అకారాది క్రమంలో వచ్చేదాన్ని పదసూచిక, అకారాది సూచిక, అనుక్రమణిక అని రకరకాలుగా అంటారు. ఈ వ్యాసంలో 'సూచిక' అన్నచోటల్లా ఆ చివరిదే.

సూచికలో ఒక్కో వరుసకు భాగాలుంటాయి. పాఠకుడు వెతికే మాట శీర్షిక. దాని కింద విడగొట్టి రాసేవి ఉపశీర్షికలు. తర్వాత పేజీ అంకెలు. ఒక మాట నుంచి ఇంకో మాటకు పంపేది మళ్లింపు. మన నిఘంటువుల్లో కనిపించే 'చూ.' అన్న పొట్టి అక్షరం అదే. 'చూ.' అంటే ఇక్కడ ఏమీ లేదు, అక్కడికి వెళ్లు అని. 'ఇంకా చూ.' అంటే ఇక్కడ ఉన్నది చదివాక అక్కడ కూడా చూడు అని.

ఇక మాటల జాబితా వేరు, సూచిక వేరు. పుస్తకంలో ఒక మాట వచ్చిన ప్రతి పేజీనీ ఏరి పెడితే జాబితా అవుతుంది. ఆ పేజీలో ఆ సంగతి గురించి ఏమైనా చెప్పారా, ఊరికే పేరు దొర్లిందా అని తేల్చి, చెప్పిన పేజీలనే ఇస్తే సూచిక అవుతుంది. కంప్యూటర్‌లో తీయించామని చెప్పి నాకు చూపించేవాటిలో ఎక్కువ భాగం జాబితాలే.

వెతికితే దొరుకుతుంది కదా అంటే

పీడీఎఫ్‌లో మాట కొడితే దొరుకుతుంది, ఇంకా సూచిక ఎందుకు అనే వాదనలో బలముంది. సరైన మాట తెలిసినవాళ్లకు వెతుకుడు పెట్టె చాలా వేగంగా పనికొస్తుంది. అరుదైన పేర్ల విషయంలో సూచికకంటే నమ్మకంగా కూడా ఉంటుంది. అయితే తెలుగు మాట ఎప్పుడూ ఒకే రూపంలో ఉండదు. 'ఏరు' అని వెతికితే 'ఏటి గట్టు' రాదు, 'ఏళ్లు' రాదు. పోనీ 'ఏళ్లు' అని కొడితే ఏరులతోపాటు సంవత్సరాలన్నీ వచ్చి పడతాయి. 'ఏటి' అని కొట్టినా అంతే, ఏటి నీళ్లూ వస్తాయి, ఈ ఏటి వానా వస్తుంది.

మన ఊరి చరిత్ర పుస్తకాల్లో 'తిరుమల' అని వెతకండి. కొండ వస్తుంది. శ్రీకృష్ణదేవరాయల దేవేరి తిరుమలదేవి వస్తుంది. 1565 తర్వాత రాజధానిని పెనుగొండకు మార్చిన అరవీటి తిరుమలరాయలు వస్తాడు. అన్నమయ్య కొడుకు పెద తిరుమలాచార్యులు, మనవడు చిన తిరుమలాచార్యులు వస్తారు. ఆ కొండనే రచయిత ఒకచోట వేంకటాచలం అని, ఇంకోచోట శేషాచలం అని, పల్లె జనం మాటల్లో ఎగువ తిరుపతి అని రాసి ఉంటే ఆ పేజీలు మాత్రం రావు. వేరైనవాటిని వేరు చేసి, ఒకటైనవాటిని ఒకచోట చేర్చే పని మనిషి చేయాల్సిందే. ఆ పని ఎంత బాగా జరిగిందో కొలవడానికే సమీక్ష.

నేను రాసిన సూచిక నాకెందుకు పనికిరాదు

నా సూచికను నేనే సరిచూసుకుంటే తప్పులు కనబడవు. కారణం చిన్నదే. చెరువు నిండినప్పుడు మిగులు నీరు పొర్లిపోయే చోటును నేను 'కలుజు' కింద పెట్టానని నాకు తెలుసు, కాబట్టి నేరుగా 'క' దగ్గరికే వెళతాను. అనంతపురం నుంచి వచ్చిన పాఠకుడు 'మరవ' కోసం చూస్తాడు. కోస్తావాళ్లు 'అలుగు' అంటారు. వాళ్ల చెయ్యి ఏ అక్షరం మీదికి పోతుందో నా చెయ్యి చెప్పలేదు.

ఇంగ్లండ్‌లో 1957లో గిల్బర్ట్ నార్మన్ నైట్ చొరవతో సొసైటీ ఆఫ్ ఇండెక్సర్స్ ఏర్పడింది. మరుసటి ఏడాది వాళ్ల పత్రిక 'ది ఇండెక్సర్' మొదలైంది. అమెరికాలో ఇలాంటి సంఘం 1968లో వచ్చింది. సూచికల మీద 1878లోనే పుస్తకం రాసిన హెన్రీ వీట్లీ పేరుతో బ్రిటన్‌లో మంచి సూచికకు పతకం కూడా ఇచ్చేవారు. సూచిక కూర్పుకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 999, దాని ఇప్పటి రూపం 1996 నాటిది. ఇన్నేళ్ల అనుభవంలో అక్కడ కుదురుకున్న అలవాట్లలో తోటివారి సమీక్ష ఒకటి. మనకు ఆ సంఘాలు లేకపోయినా పునాది ఉంది. భారత గ్రంథాలయ శాస్త్రానికి తండ్రిగా చెప్పుకునే ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో వెలువరించిన అయిదు సూత్రాల్లో నాలుగోది 'పాఠకుడి కాలం ఆదా చెయ్యి' అన్నది. ఈ వ్యాసంలో రాబోయే ప్రతి పరీక్షా ఆ ఒక్క మాటకు కట్టుబడేదే.

సమీక్ష ఎలా నడుస్తుంది

ముగ్గురు ఉంటే చాలు. ముగ్గురూ ఒకే అధ్యాయానికి విడివిడిగా సూచిక రాస్తారు, మార్చుకుంటారు. మొదటి చదువు పుస్తకం మూసిపెట్టి. సూచిక మాత్రమే చూసి ఈ పుస్తకం దేని గురించి, రచయిత దేనికి ఎక్కువ చోటిచ్చాడు అన్నది సమీక్షకుడు నాలుగు వాక్యాల్లో రాయాలి. ఆ నాలుగు వాక్యాలు పుస్తకానికి దూరంగా ఉన్నాయంటే, పేజీ అంకెలన్నీ సరిగ్గా ఉన్నా సూచిక బరువు ఎక్కడో తప్పింది.

రెండోది ప్రశ్నల పరీక్ష. పుస్తకం చదవనివాళ్లు అడగగలిగే ప్రశ్నలు పది తయారు చేసి, జవాబు ఉన్న పేజీని సూచిక ద్వారా పట్టుకోమని ఇంకొకరికి ఇస్తారు. ఎంతసేపు పట్టిందన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. వాళ్లు మొదట ఏ మాట దగ్గరికి వెళ్లారు, దొరక్కపోతే రెండోసారి ఎక్కడికి వెళ్లారు అన్నది పక్కన రాసుకోవాలి. నా దృష్టిలో మొత్తం సమీక్షలో అతి విలువైన కాగితం అదే. ఆ మాటలన్నీ సూచికలో ఉండాల్సిన తలుపులు.

మూడోది రెండు వైపుల నుంచి తనిఖీ. సూచిక నుంచి ఏవైనా 20 పేజీ అంకెలు తీసుకుని పుస్తకంలో ఆ పేజీలు తెరిచి చూడటం ఒకటి. పుస్తకంలో ఏవైనా 5 పేజీలు తెరిచి, అందులో ఉన్న సంగతులు సూచికలోకి ఎక్కాయా అని చూడటం ఇంకొకటి. మొదటిది ఉన్నవాటిలో తప్పులు పడుతుంది, రెండోది లేనివాటిని పడుతుంది. చాలామంది మొదటిది చేసి ఆగిపోతారు. రావాల్సి ఉండీ రాని మాట సూచికను ఎన్నిసార్లు చదివినా కనబడదు, కాబట్టి రెండోదే ఎక్కువ ముఖ్యం.

ఈ 20 అంకెల తనిఖీ విలువ నాకు స్వయంగా తెలిసింది. ఒక పుస్తకానికి సూచిక అంతా పూర్తయ్యాక ప్రచురణకర్త 60వ పేజీ దగ్గర రెండు పేజీల ఫొటోలు చేర్చారు, నాకు చెప్పలేదు. 60 తర్వాతి అంకెలన్నీ రెండేసి పేజీలు వెనకబడ్డాయి. 20 అంకెలు విప్పి చూసి ఉంటే అయిదో అంకె దగ్గరే బయటపడేది. నేనూ చూడలేదు. ఆ పుస్తకం అలాగే గ్రంథాలయాల్లో ఉంది, తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఒక ఉదాహరణ: చెరువుల పుస్తకం

పాత చిత్తూరు జిల్లా చెరువుల మీద 150 పేజీల పుస్తకం ఉందనుకుందాం. సూచిక ముసాయిదాలో ఒక వరుస ఇలా ఉంది:

చెరువులు 3, 7, 8, 12, 15–19, 22, 31, 40, 44, 58, 61–63, 70, 88, 102, 117, 140

పదహారు చోట్లకు వెళ్లి వెతుక్కోమంటోంది ఈ వరుస. కట్ట తెగడం గురించి కావాలన్నవాడు పదకొండో ప్రయత్నంలో గానీ 61వ పేజీకి చేరడు. ఒక శీర్షిక పక్కన అయిదారు అంకెలు దాటితే విడగొట్టాలనే అలవాటు అందుకే ఏర్పడింది. సమీక్షకురాలు పదహారు చోట్లూ తిరిగి చూసింది. 3, 7, 8, 12 పేజీలు ముందుమాట, పరిచయం. అక్కడ చెరువుల పేరు వస్తుంది తప్ప సంగతి లేదు. 140లో 'చెరువు గట్టున గుడి' అన్న వర్ణన మాత్రమే. 31, 58, 70 పేజీలు నిజానికి కలుజు గురించి. మిగిలినవి ఎనిమిది. వాటిని విడగొడితే ఇలా తేలింది:

చెరువులు
– ఆయకట్టు 15–19
– కట్ట తెగడం 61–63
– గొలుసుకట్టు 22, 44
– దశబంధం ఇనాములు 88, 102
– పూడిక 40, 117
– ఇంకా చూ. కలుజు; తూములు; నీరుగంటి

గొలుసుకట్టు అంటే ఒకదాని మిగులు నీరు ఇంకోదానికి చేరే చెరువుల వరుస. దశబంధం ఇనాము అంటే చెరువు తవ్వించినవారికో బాగుచేయించినవారికో ఇచ్చిన భూమి. నీరుగంటి అంటే పొలాలకు నీళ్లు పంచే ఊరి ఉద్యోగి.

ఇక్కడే ఒక లోతైన ప్రశ్న లేస్తుంది. పుస్తకమంతా చెరువుల గురించే అయినప్పుడు 'చెరువులు' అనే శీర్షిక అసలు ఎందుకు? ఒక పక్షం అంటుంది, పుస్తకం మొత్తానికి విషయమైన మాటను శీర్షికగా పెట్టొద్దు, పెడితే సూచికంతా దాని కిందికే వచ్చి చేరుతుంది, ఆయకట్టును 'ఆ' అక్షరం దగ్గర, పూడికను 'పూ' దగ్గర నేరుగా పెట్టు అని. ఇంకో పక్షం అంటుంది, కొత్త పాఠకుడు మొదట చూసేది ఆ మాటనే, అక్కడ ఏమీ లేకపోతే సూచికే సరిగ్గా లేదనుకుంటాడు అని. రెండూ నిజమే. నేను చూసినంతలో మధ్యేమార్గం పనిచేస్తుంది. ముఖ్య విషయం కింద ఇంకెక్కడా ఇమడని అయిదారు ఉపశీర్షికలు, ఆపైన దారి చూపే 'ఇంకా చూ.' ఒకటి.

మళ్లింపుల విషయానికి వస్తే, ముసాయిదాలో 'మరవ, చూ. అలుగు' అని ఉంది. అలుగు దగ్గరికి వెళితే 'అలుగు, చూ. మరవ' అని ఉంది. గానుగెద్దులా తిరగడమే. ఇంకోచోట 'నీరుగంటి, చూ. గ్రామ ఉద్యోగులు' అని ఉంది, సూచిక మొత్తంలో గ్రామ ఉద్యోగులు అన్న శీర్షికే లేదు. రాసినవారు ఒకప్పుడు పెట్టి తర్వాత తీసేసి ఉంటారు. ఇలాంటివి పట్టడానికి విద్వత్తు అక్కర్లేదు, ప్రతి 'చూ.' మీదా వేలు పెట్టి గమ్యం దాకా నడవాలి.

ఆ వలయాన్ని విప్పడంలో పనివాళ్లకు తెలిసిన ఒక కిటుకుంది. కలుజుకు ఉన్నవి మూడే పేజీలు. 'మరవ, చూ. కలుజు' అని రాయడానికి ఒక వరుస పడుతుంది. 'మరవ 31, 58, 70' అని రాయడానికీ ఒక వరుసే. అలాంటప్పుడు పాఠకుణ్ని ఇంకోచోటికి పంపడం ఎందుకు? కలుజు, మరవ, అలుగు మూడింటి పక్కనా అవే అంకెలు ఇచ్చేస్తే సరి. కలుజు కింద అయిదారు ఉపశీర్షికలు ఉంటే మాత్రం మూడుచోట్లా రాయడం దండగ, అప్పుడు మళ్లింపే మేలు. సమీక్షలో మొదటిసారి ఎవరైనా ఇది చూపించినప్పుడు, ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదా అనిపిస్తుంది.

ప్రశ్నల పరీక్షలో పదింటికి ఆరు మొదటి మాటతో దొరికాయనుకుందాం, రెండు రెండో మాటతో దొరికాయి, రెండు దొరకలేదు. దొరకనివాటిలో ఒకటి: చెరువుల మరమ్మతుకు ఊరివాళ్లు పని చేయాలని ఇంగ్లీషువాళ్ల కాలంలో చట్టం వచ్చిందా? వచ్చింది, మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో. పుస్తకంలోనూ ఉంది. సూచికలో అది 'కుడిమరామత్తు' కింద ఉంది. ఆ మాట తెలిసినవాడికి ప్రశ్నే ఉండదు. ప్రశ్న ఉన్నవాడికి ఆ మాట తెలియదు. వాడు 'మరమ్మతులు' దగ్గర చూశాడు, 'చట్టాలు' దగ్గర చూశాడు, ఆగిపోయాడు. ఆ రెండు చోట్లా ఒక్కో వరుస చేరిస్తే సరిపోతుంది.

అంకెల్లో కొలవడం, దాని పరిమితి

సమీక్షను 'బాగుంది', 'ఇంకా బాగుండాలి' అనే మాటల నుంచి తప్పించడానికి గ్రంథాలయ శాస్త్రంలో రెండు కొలతలు వాడతారు. పేర్లు రాబట్టు, గురి అనుకుందాం. పుస్తకంలో తూముల గురించి నిజంగా చెప్పిన పేజీలు 9 అని సమీక్షకుడు లెక్క తేల్చాడు. సూచిక ఇచ్చిన పేజీలు 8. వాటిలో సరైనవి 6. తొమ్మిదింటిలో ఆరు పట్టింది కాబట్టి రాబట్టు 67 శాతం. ఇచ్చిన ఎనిమిదింటిలో ఆరు సరైనవి కాబట్టి గురి 75 శాతం.

మాటల జాబితాకు రాబట్టు బాగానే ఉండి గురి పడిపోతుంది, దొర్లిన ప్రతి మాటనూ పట్టుకొస్తుంది కాబట్టి. భయపడుతూ రాసిన సూచికకు గురి బాగుండి రాబట్టు పడిపోతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రాసినవారి స్వభావం కూడా కొంత తెలుస్తుంది, ఏ వైపు దిద్దుకోవాలో తెలుస్తుంది.

ఈ శాతాలను పరమసత్యంగా తీసుకోకూడదు. ఆ 9 అన్న సంఖ్య ఎవరు చెప్పారు? సమీక్షకుడు. ఒక పేజీలో 'తూము తెరిచి నీళ్లు వదిలారు' అని ఉంటే అది తూముల గురించిన సమాచారమా, దొర్లిన మాటా? ఇద్దరు రెండు రకాలుగా అంటారు. ఒకే రచనకు శిక్షణ పొందిన ఇద్దరు విడివిడిగా సూచిక తయారు చేస్తే ఒకటే రాదని, కొన్నిసార్లు చాలా దూరంగా వస్తాయని గ్రంథాలయ శాస్త్రంలో దశాబ్దాలుగా గమనిస్తూనే ఉన్నారు. అయినా ఈ లెక్క వేయించడం మంచిదే అంటాను. శాతం తేలడం కంటే ఆ పేజీ దగ్గర ఇద్దరూ ఆగి మాట్లాడుకోవడం వల్ల వచ్చే లాభం ఎక్కువ.

అకారాది అంత తేలిక కాదు

అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగేది ఇక్కడ. ఇంగ్లీషు పుస్తకాల కోసం రాసిన నియమాలు మనకు సగమే పనికొస్తాయి.

సున్నాతో మొదలుపెడదాం. 'అంచనా' ఎక్కడ రావాలి? వర్ణమాల చదివితే అం అన్నది ఔ తర్వాత. కంప్యూటర్ యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చే పట్టిక) అంకెల ప్రకారం పేరిస్తే సున్నా అచ్చులన్నిటికంటే ముందుంది, కాబట్టి 'అంచనా' వచ్చి 'అకాలవర్షం' ముందు కూర్చుంటుంది. సున్నా పలికే తీరును బట్టి ఙ, ఞ, ణ, న, మ ల దగ్గర చేర్చాలని వాదించేవాళ్లూ ఉన్నారు. శాస్త్రం ప్రకారం అది అందంగా ఉంటుంది గానీ మామూలు పాఠకుడు అలా వెతకడు. ఏది పాటించినా తప్పనలేం, ఒకే సూచికలో రెండు పాటిస్తే మాత్రం తప్పే. చేత్తో చేర్చిన వరుసలు ఒక పద్ధతిలో, యంత్రం పేర్చినవి ఇంకో పద్ధతిలో ఉండటం సమీక్షలో మాటిమాటికీ బయటపడుతుంది.

ళ సంగతీ అంతే. బడిలో నేర్చుకున్నది య ర ల వ శ ష స హ ళ క్ష ఱ. యూనికోడ్‌లో ఱ, ర వెంటనే ఉంది. ళ, ల వెంటనే ఉంది, వ కంటే ముందు. కాబట్టి యంత్రం 'కాళంగి'ని 'కావలి'కంటే ముందు పెడుతుంది, వర్ణమాల ప్రకారం వెనక రావాలి. 'క్షేత్రాలు' క కింద వెతకాలా, చివర వెతకాలా అన్నది ఇంకో తగాదా.

కంటికి కనబడని చిక్కులూ ఉన్నాయి. 'తాళ్ళపాక' అని, 'తాళ్లపాక' అని రెండు రకాలుగా టైపు చేసి ఉంటే యంత్రానికి అవి రెండు ఊళ్లు. మాట చివరి పొల్లు తర్వాత కొందరు కనబడని విడదీత అక్షరం నొక్కుతారు, కొందరు నొక్కరు. అచ్చులో రెండూ ఒకేలా ఉంటాయి, సూచికలో మాత్రం ఒకే మాట రెండు వరుసలై కూర్చుంటుంది. ఇక యూనికోడ్ కాని అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో కట్టిన పుస్తకమైతే అక్షరాలు ముక్కలుగా నిలవుంటాయి కాబట్టి యంత్రంతో అకారాది పేర్చడమే కుదరదు. యూనికోడ్‌లోకి మార్చి, మార్పులో దొర్లిన తప్పులు ఏరి, అప్పుడు పేర్చాలి.

మాటకు మాట చొప్పున పేర్చాలా, ఖాళీలు పట్టించుకోకుండా అక్షరానికి అక్షరం చొప్పున పేర్చాలా అన్న పాత వివాదానికి తెలుగులో మరో మలుపుంది. 'చెరువు హక్కులు', 'చెరువులు' రెండూ ఉన్నాయనుకోండి. మాటకు మాట పద్ధతిలో 'చెరువు హక్కులు' ముందు. అక్షరానికి అక్షరం పద్ధతిలో ల ముందు, హ వెనక కాబట్టి 'చెరువులు' ముందు. మనం 'చెరువుకట్ట' అని కలిపి రాస్తామా, 'చెరువు కట్ట' అని విడదీస్తామా అన్నది రాసేవారి చేతివాటం. ఖాళీని బట్టి చోటు మారితే ఒకే రకం మాటలు చెల్లాచెదురవుతాయి. అందుకే తెలుగుకు అక్షరానికి అక్షరం పద్ధతే క్షేమమని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని మంచి సంపాదకులు ఉన్నారు. పొట్టి మాట ముందు, దాని సమాసాలన్నీ ఒక గుంపుగా వెనక ఉంటే కంటికి తేలికని వాళ్ల వాదన.

పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఇంగ్లీషు నియమం ప్రకారం ఇంటిపేరు ముందుకు తెచ్చి కామా పెట్టాలి. మన పేర్లలో ఇంటిపేరు ముందే ఉంటుంది. వేటూరి ప్రభాకరశాస్త్రిని ఉన్నది ఉన్నట్టు వే దగ్గర పెడితే చాలు, తిప్పాల్సిన పని లేదు. కానీ తరిగొండ వెంగమాంబను ఎవరు త దగ్గర వెతుకుతారు? తాళ్లపాక అన్నమాచార్యులను చాలామంది అన్నమయ్య అనే వెతుకుతారు. ఇక్కడ నియమం కంటే పిలుపు పెద్దది. జనం పిలిచే పేరు దగ్గర అంకెలు, పూర్తి పేరు దగ్గర మళ్లింపు ఉండటం మేలు.

శ్రీ విషయం మరీ ప్రత్యేకం. గౌరవానికి పెట్టిన శ్రీని లెక్కలోకి తీసుకోకపోతే కృష్ణదేవరాయలు క దగ్గరికి వస్తాడు, బాగుంది. అదే ఊపులో శ్రీనివాసమంగాపురం నుంచి శ్రీ తీసేస్తే ఊరి పేరే పోతుంది. శ్రీకాళహస్తి మధ్యరకం. కాగితం మీద శ్రీకాళహస్తి, బస్సులో కండక్టర్ కేక కాళహస్తి. రెండు చోట్లా ఉండాలి.

తప్పా, ఇష్టమా

సమీక్ష కాగితం మీద రాసే ప్రతి మాటనూ మూడు గడుల్లో ఒకదాంట్లో వేయమని కొత్తవాళ్లకు చెబుతాను. తప్పు: అంకె తప్పింది, మళ్లింపు గమ్యం లేదు, క్రమం చెడింది. వెలితి: ఉండాల్సింది లేదు. ఇష్టం: నేనైతే వేరేలా రాసేవాణ్ని. మొదటి గడిలోవి దిద్దాల్సిందే. రెండో గడిలోవాటికి పేజీ చూపించి అడగాలి. మూడో గడిలోవి రాయొచ్చు గానీ, పక్కన కారణం లేకపోతే కొట్టేయాలి. మొదటిసారి సమీక్ష చేసేవాళ్ల కాగితంలో మూడో గడే నిండి ఉంటుంది. 'నీరుగంటి వృత్తి' బదులు 'నీరుగంటి పని' అంటే బాగుంటుంది లాంటివి. నాలుగు సమీక్షలు చేశాక మొదటి రెండు గడులు నిండటం మొదలవుతుంది.

తోటివారి సమీక్ష మీద గట్టి అభ్యంతరం ఒకటుంది. అందరూ కొత్తవాళ్లే అయితే ఒకరి పొరపాటు ఇంకొకరికి అలవాటుగా అంటుకుంటుంది, దానికంటే అనుభవం ఉన్న ఒక్కరి దగ్గర నేర్చుకోవడం మేలు అంటారు. నిజమే, సున్నా క్రమం లాంటివి తెలిసినవారు ఒక్కసారి చెబితే ఆరు నెలల వాదన తప్పుతుంది. అవతలి పక్షం మాటలోనూ సత్యముంది. అనుభవజ్ఞుడికి కుడిమరామత్తు ఏమిటో ముందే తెలుసు, ఆయన ఎప్పుడూ దారి తప్పడు కాబట్టి దారి ఎక్కడ తప్పుతుందో చూపించలేడు. కొత్తవాళ్ల తడబాటు ఇక్కడ పనికొచ్చే సరుకు. కుదిరితే ప్రశ్నల పరీక్ష తోటివారితో, క్రమం, మళ్లింపుల తనిఖీ పెద్దవారితో చేయించుకోవచ్చు.

రచయితే సూచిక రాయాలా, బయటివాళ్లా అన్నదీ దీనికి చుట్టమే. రచయితకు పుస్తకం తెలుసు, బయటివాళ్లకు పాఠకుడు తెలుసు. మన దగ్గర సూచికకు విడిగా డబ్బు పెట్టే ప్రచురణకర్తలు తక్కువ, కాబట్టి రచయితే రాస్తున్నాడు. అలాంటప్పుడు పక్క విభాగంలోని స్నేహితుడితో ఒక గంట ప్రశ్నల పరీక్ష చేయించుకున్నా చాలా మారుతుంది.

కృత్రిమ మేధ పనిముట్లు ఇప్పుడు ముసాయిదా సూచికలు కూడా ఇస్తున్నాయి. శీర్షికలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. లేని పేజీకి అంకె వేయడం, ఉపశీర్షికల కింద సగం పేజీలు వదిలేయడం వాటితో జరుగుతుంది కాబట్టి 20 అంకెల తనిఖీ, 5 పేజీల తనిఖీ మరింత అవసరం. పరీక్ష మాత్రం అదే, మనిషి రాసినా యంత్రం రాసినా.

ఇద్దరు సమీక్షకులు కలవనప్పుడు

చెరువుల పుస్తకానికే తిరిగి వెళదాం. అది పాత రాతప్రతి, అందులో అంతటా 'చిత్తూరు జిల్లా' అనే ఉంది. 1911లో ఏర్పడిన ఆ జిల్లాలో శ్రీకాళహస్తి ఉంది, చంద్రగిరి ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వచ్చాక ఆ రెండూ ఇటు చేరాయి. ఇప్పుడు అచ్చు వేస్తున్నారు. సూచికలో ఏం రాయాలి?

ఒక సమీక్షకుడు అంటాడు, ఈనాటి పాఠకుడు తిరుపతి జిల్లా చెరువులే వెతుకుతాడు, ఆ శీర్షిక పెట్టి చంద్రగిరి, శ్రీకాళహస్తి పేజీలు దాని కింద ఇవ్వండి అని. ఇంకొకరు ఒప్పుకోరు. రచయిత ఎక్కడా వాడని మాటను సూచికలోకి తెస్తే, ఆ పేజీ తెరిచినవాడికి తిరుపతి జిల్లా అన్న మాటే కనబడదు, సూచిక పుస్తకాన్ని దిద్దకూడదు అని. మొదటివారు వెలితి అన్నారు, రెండోవారు తప్పు అన్నారు.

ఇలాంటి చోట ఓట్లు వేసుకోవడం కుదరదు. నిర్ణయం సూచిక రాసినవారిదే, సమీక్షకులు కారణాలు రాసిచ్చి తప్పుకోవాలి. ఆమె ఊళ్ల పేర్ల దగ్గరే అంకెలు ఉంచింది. 'తిరుపతి జిల్లా, చూ. చంద్రగిరి, శ్రీకాళహస్తి' అని ఒక్క వరుస చేర్చింది, అంకెలు లేకుండా. సూచిక తలమీద చిన్న అక్షరాల్లో ఈ నాలుగు వాక్యాలు పెట్టింది:

'జిల్లాల పేర్లు రాతప్రతిలో ఉన్నట్టే ఉన్నాయి. 2022 తర్వాత తిరుపతి జిల్లాలో చేరిన ఊళ్లకు ఆ పేరు దగ్గర దారి చూపాం. సున్నా ఉన్న మాటలు ఆయా అక్షరాల గుణింతం చివర వస్తాయి. పేర్ల ముందు గౌరవంగా వాడిన శ్రీని లెక్కలోకి తీసుకోలేదు.'

తర్వాత ఆ సూచికను ఇద్దరికీ సంబంధం లేని మూడో మనిషికి ఇచ్చి, తిరుపతి జిల్లాలో కట్ట తెగిన చెరువు ఏదైనా ఈ పుస్తకంలో ఉందా అని అడగాలి. ఆ మనిషి మొదట తి దగ్గరికి వెళతాడా, క దగ్గరికి వెళతాడా, చె దగ్గరికి వెళతాడా అన్నది పక్కన కూర్చుని రాసుకోవాలి.